కోడలి బదులు

తమిళనాడు రాజపాళయంలో దర్శినిని ఎవరేమడిగినా జవాబు మాత్రం ఆమె అత్త రంగనాయకి నోటినుంచే వచ్చేది. పళ్ళ బండివాడు గర్భిణి అయిన కోడలిని "ఎన్నో నెలమ్మా" అని అడిగితే, అత్త ముక్కుపుడక సర్దుకుని "ఏడు" అనేది. దారిలో ఎవరైనా "నిద్ర పడుతోందా" అంటే "బాగా పడుతోంది" అనేది. అందులో దురుసేమీ లేదు. కోడలికి గొడుగు పట్టినంత శ్రద్ధగా ఆమె మాటనూ తనే మోసేది.

ఆస్పత్రిలోనూ అంతే. డాక్టరమ్మ దర్శిని వైపు చూసి, "మూత్రానికి పోయేటప్పుడు మంట ఉందా?" అని అడిగింది.

"అదెల్లాం ఏమీ లేదు డాక్టర్," అంది రంగనాయకి.

పరీక్షకు మూత్రం కావాలని డాక్టరమ్మ చిన్న డబ్బా ఇవ్వబోయింది. అలవాటు కొద్దీ దాన్ని కూడా అత్తే అందుకుని, లేచి బాత్రూం వైపు నడిచింది.

"అమ్మా, అది మాత్రం ఆ అమ్మాయే ఇవ్వాలి," అంది డాక్టరమ్మ.

నర్సు మొహం తిప్పుకుని నవ్వింది.

పరీక్షలో ఇన్‌ఫెక్షన్ తేలింది. వదిలేస్తే కిడ్నీకి పాకుతుందని, నెలలు నిండకముందే కాన్పు రావచ్చని చెప్పి డాక్టరమ్మ మాత్రలు రాసింది. బయట మెట్ల మీద రంగనాయకి ఆగిపోయింది.

"ఎప్పటినుంచి మండుతా ఉండాది?"

"పోయిన వారం నుంచి అత్తా."

"నాతో చెప్పలేదేమి?"

"అందరితో మీరు బాగుందని చెప్తా ఉంటిరి. కాదంటే మీకు మర్యాదగా ఉండదని."



"నీ మొగుడు నా కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇట్లనే మండినాది," అంది రంగనాయకి. "మా అత్త కూడా ఊరందరితో బాగుందనే చెప్పినాది."