చీర వెనక గోడ

మొన్న శనివారం మా అమ్మాయి కారులో ఎడిసన్ వెళ్ళి, ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ళ కొట్లలో గోంగూర కట్టలూ దొండకాయలూ కొనుక్కుని తిరిగి వస్తుంటే, మా ఊరి పాత ఫైర్‌హాల్ చుట్టూ నారింజరంగు ప్లాస్టిక్ కంచె కట్టి కనిపించింది. ఒక్క నిమిషం ఆపమన్నాను. వెనకాల కార్లు వస్తున్నాయి, ఇక్కడెక్కడ ఆపనమ్మా, అంది మా అమ్మాయి. నిజమే, ఆపడానికి చోటు లేదు. పడగొట్టే ముందు ఆ కంచె కడతారని నాకు తెలియకపోలేదు. ఆ సంగతి తేలిపోయిన సాయంత్రం నేనూ ఊరి కమిటీ సభలోనే కూర్చుని ఉన్నాను. అయినా తెలిసిన సంగతి కంటికి కనపడేసరికి వేరేగా ఉంటుంది. ఇంటికొచ్చి గోంగూర ఒలుస్తూ కూర్చున్నాను గాని, చేతుల పని చేతులు చేస్తుంటే మనసు మాత్రం ఆ కంచె దగ్గరే ఉండిపోయింది.

ఫైర్‌హాల్ అంటే ఏమిటో మీలో అమెరికాకి పాతకాపులైన వాళ్ళకి చెప్పనక్కరలేదు. చిన్న ఊళ్ళలో మంటలార్పే పని ఊరివాళ్ళే జీతం లేకుండా చేసేవారు కదా, వాళ్ళు కట్టుకున్న భవనం అది. కింద ఎర్ర బండ్లు నిలబెట్టుకునే చోటు, పైన వాళ్ళ డాన్సులకీ పెళ్ళిళ్ళకీ ఒక హాలు, ఖాళీగా ఉన్న రోజుల్లో మాలాంటి వాళ్ళకి అద్దెకిచ్చేవారు. చెక్క నేల, ఒక చివర చిన్న స్టేజీ, రెండో చివర వంటగది, వంటగదికీ హాలుకీ మధ్య వడ్డనకి ఒక కిటికీ, దానికి పైనుంచి కిందికి దించే చెక్క తలుపు. గోడలు లేత ఆకుపచ్చ అని మా వారూ, కాదు బూడిదరంగని నేనూ వాదించుకునేవాళ్ళం. ఆయన ఉంటే ఇప్పటికీ వాదించుకుంటూనే ఉండేవాళ్ళం.

మేము వచ్చిన కొత్తలో ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. ఫోన్ డైరెక్టరీలో మన పేర్లలా కనిపించిన వాళ్ళకి ఫోన్ చేసి, మీరు తెలుగువాళ్ళేనాండీ అని అడిగి స్నేహం చేసుకున్న రోజులు. మీరూ చేసే ఉంటారు, నవ్వకండి. మా వారు ఇంజనీరు, నేను మందుల కంపెనీ లాబ్‌లో పనిచేసేదాన్ని. మా వారి స్నేహితుడి భార్య ఒకావిడ, వరంగల్ నుంచి వచ్చిన పిల్లల డాక్టరు, మా అందరికీ పెద్దదిక్కు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను ఆవిణ్ణి అక్కయ్య అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. ఫైర్‌హాల్ వెతికి పట్టుకున్నది ఆవిడే. అంతకుముందు పక్క ఊళ్ళో ఒక హాలు వాళ్ళు, మీ వంటల వాసన వారం రోజులు పోలేదని చెప్పి, రెండోసారి ఇవ్వలేదు. ఆ అవమానం ఆవిడ మనసులో ఎంతగా నాటుకుందంటే, ఈ హాలు దొరికిన రోజునే మాకందరికీ ఒక కట్టుబాటు పెట్టింది: మనం వచ్చి వెళ్ళామన్న జాడ మిగలకూడదు.

ఆ కట్టుబాటుని మేము ఎంత నిష్ఠగా పాటించామో తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, నీరసమూ వస్తుంది. ఆ వంటగదిలో పోపు అన్నది వేసి ఎరగం. పులుసులూ కూరలూ ఇళ్ళలోనే వండి, గిన్నెలకి దుప్పట్లు చుట్టి, కారు డిక్కీల్లో పెట్టుకుని తెచ్చేవాళ్ళం. మామిడాకుల తోరణాలు సరే, ఇక్కడ మామిడాకులెక్కడివి, కాగితంతో కత్తిరించిన ఆకులకి కూడా మేకు కొట్టకుండా దారంతో పైపులకి కట్టేవాళ్ళం. నేలమీద ముగ్గు వేయకుండా పాత దుప్పటిమీద వేసి తెచ్చి పరిచేవాళ్ళం. ఒక ఉగాదికి ఎవరో ఆగలేక కర్పూర హారతి వెలిగిస్తే, కింద ఉన్న వాలంటీర్లు ఇద్దరు మెట్లెక్కి పరుగున వచ్చి, పళ్ళెంలో వెలుగుతున్న చిన్న మంటని చూసి, ఆర్పాలా వద్దా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చివరికి చెరో లడ్డూ తిని వెళ్ళారు. అయిపోయాక మగవాళ్ళు నేలంతా తడిగుడ్డతో తుడిచేవారు, చలికాలమైనా సరే కిటికీలన్నీ బార్లా తెరిచేవాళ్ళం, విస్తళ్ళూ మిగిలిన చెత్తా సంచుల్లో కట్టి ఎవరి కారులో వాళ్ళం ఇంటికి తీసుకుపోయేవాళ్ళం. పండగ చేసుకుని పట్టుచీరలతో ఇంటికి చెత్త మోసుకుపోయిన జాతి లోకంలో మేమొక్కళ్ళమే అయి ఉంటాం.

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి, అసలు కథ అక్కడే ఉంది. ఎవరి పిల్లలకి అక్షరాభ్యాసమైనా, పుట్టినరోజైనా, పిల్లలు డాన్సు చేసినా, ముందు స్టేజీ గోడకి ఒక పట్టుచీర అడ్డంగా కట్టేవాళ్ళం. ఫోటోలు ఆ చీర ముందే తీసుకునేవాళ్ళం. ఆ ఫోటోలు ఇండియాకి పోస్టులో వెళ్ళేవి కదా. అక్కడ అమ్మా నాన్నా చూసుకుని, పిల్లలు ఏదో గోదాములో పండగ చేసుకుంటున్నారని బాధపడకూడదని మా తాపత్రయం. వంగపండు రంగుకి జరీ అంచున్న నా పెళ్ళిచీర ఎన్ని కుటుంబాల ఆల్బముల్లో గోడగా నిలబడిందో నాకే తెలియదు.

మా నాన్నగారు తెనాలిలో పోయారని టెలిగ్రాం వచ్చేసరికి మా అమ్మాయి నెలల పిల్ల. నా కాగితాలు ఇమిగ్రేషన్ ఆఫీసులో మారుతున్నాయి, దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. వెళ్ళలేదు. మేముండే అపార్ట్‌మెంటు గోడలు పల్చన, పక్కవాళ్ళు ఏమనుకుంటారో, పోలీసుల్ని పిలుస్తారో అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ ఆదివారమే ఫైర్‌హాల్‌లో ఉగాది. నన్ను అక్కడికే తీసుకురమ్మని అక్కయ్య అంటే, పండగా సంతాపమూ ఒకచోట ఎలాగని ఒకరిద్దరు గొణిగారట. అక్కయ్య ఒక్క మాటతో తేల్చేసిందని తరవాత మా వారు చెప్పారు. "పండుగ వచ్చే ఏడు మళ్ళొస్తది. చెల్లె వాళ్ళ నాయిన మళ్ళొస్తడా?" అందట.

ఆ రోజు తోరణాలు కట్టలేదు, చీర కట్టలేదు, ఉగాది పచ్చడి చెయ్యలేదు. అక్కయ్య నన్ను ఆ వంటగదిలోకి తీసుకెళ్ళి, వడ్డన కిటికీ తలుపు కిందికి దించి, "ఇక్కడ ఎవ్వరికీ ఇనపడది, ఏడ్వు" అని చెప్పి బయటికి వెళ్ళిపోయింది. గొంతు పోయేదాకా ఏడ్చాను. ఇనపడకపోవడమేమిటి, హాలంతా వినపడే ఉంటుంది. తరవాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కింద కూర్చున్నారు. మా నాన్నగారికి పనసపొట్టు కూర ఇష్టమని ఎవరికి ఎలా తెలిసిందో, అది ఇక్కడ దొరకదు గనక, క్యాబేజీ సన్నగా తరిగి ఆవపెట్టి వండి తెచ్చారు. ఆయన్ని ఒక్కసారైనా చూడని వాళ్ళంతా ఆయన పేరు చెప్పుకుని నేలమీద కూర్చుని భోజనాలు చేశారు. సాయంత్రానికి మామూలుగానే అంతా తుడిచి, కిటికీలు తెరిచి, తాళం వేసి వచ్చేశాం.

ఆ తరవాత గుళ్ళు వచ్చాయి, గుళ్ళకి పెద్ద పెద్ద హాళ్ళు వచ్చాయి, కొంతమంది టెక్సాసూ ఫ్లోరిడా వెళ్ళిపోయారు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదు మేము. తెప్పని ఒడ్డునే వదిలేసి దాని సంగతి మరిచిపోయాం, అంతే. ఆ పక్కగా కారులో వందలసార్లు వెళ్ళి ఉంటాను, తలతిప్పి చూసిన గుర్తు లేదు.

కిందటేడు మా వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ ఒకావిడ, అమెరికనావిడే, తలుపు తట్టింది. ఫైర్‌హాల్‌ని బిల్డరుకి అమ్మేస్తున్నారట, పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారట. ఊళ్ళో ఏదైనా కట్టడం ఊరివాళ్ళ జీవితానికి ముఖ్యమనిపిస్తే, దాన్ని కాపాడవలసిన వాటిలో చేర్చమని ఊరివాళ్ళే ప్రతిపాదించవచ్చునట, అందుకొక కమిటీ ఉందట. అందమైన భవనమే కానక్కరలేదు, అక్కడ మనుషులు ఎలా బతికారో చూపించగలిగితే చాలు, మీవాళ్ళు అక్కడికి వచ్చేవారని విన్నాను, ఫోటోలున్నాయా, కమిటీ సభకి వచ్చి మాట్లాడతారా, అని అడిగింది. తప్పకుండా వస్తానన్నాను. నేను అంత గట్టిగా ఒప్పుకుని చాలా ఏళ్ళయింది.

ఆ వారమంతా ఆల్బములు తిరగేశాను. ఎన్ని ఫోటోలు! పలకమీద ఓం దిద్దుతున్న పిల్లలు, కూచిపూడి వేషాలు, కొత్త పెళ్ళికూతుళ్ళు. అన్నిటి వెనకా చీరే. వంగపండు రంగు చీర, చిలకాకుపచ్చ చీర, ఎవరిదో గద్వాల. హాలు గోడ జానెడు కూడా కనపడదు. తెనాలిలో మా మేడమీద తీసినవని చెప్పినా నమ్ముతారు. అలా నమ్మాలనే కదా మేము తీసుకున్నది. నాన్నగారి కోసం కూడిన ఆ రోజున మాత్రం చీర కట్టలేదు, కాని ఆ రోజు ఫోటోలు ఎవరు తీస్తారు?

సరే, మనుషులైనా వస్తారేమోనని ఫోన్లు చేశాను. డాలస్‌లో ఉన్న మా మరిది వరసాయన, ఫైర్‌వాళ్ళకి లేని బాధ మీకెందుకు వదినా, కందకి లేని దురద కత్తిపీటకా, అని నవ్వేశాడు. ఇంకొకావిడ, ఆ అపార్ట్‌మెంట్లలో మా అబ్బాయి కూడా డబ్బు పెట్టాడు, మమ్మల్ని ఇందులోకి లాగకు అంది. చివరికి అక్కయ్యకి చేశాను. ఎనభై దాటాయి, మోకాళ్ళు పనిచెయ్యవు గాని బుర్ర మాత్రం కత్తి.

"ఎందుకు చెల్లె ఇదంత? మనం కిరాయికున్నోళ్ళం. ఇంటోళ్ళు ఇల్లమ్ముకుంటే కిరాయోళ్ళు అడ్డం పడ్తరా?"

నీరసంగా ఫోన్ పెట్టేశాను. అయినా సభ రోజున ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని, నేతచీరమీద చలికోటు తొడుక్కుని, వాకర్ నెట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

కమిటీవాళ్ళు మర్యాదస్తులు. అధ్యక్షత వహిస్తున్న పెద్దావిడ నా ఫోటోలు ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసి, చాలా అందంగా ఉన్నాయి, వీటిలో ఆ భవనం ఎక్కడుందో కాస్త చూపిస్తారా అని అడిగింది. చీర వెనక ఉందండీ, అన్నాను. సభలో కొంతమంది నవ్వారు. వెక్కిరింపు కాదు, మామూలు నవ్వే. బిల్డరు తరఫు లాయరు లేచి, వీరి జ్ఞాపకాల మీద మాకు గౌరవం ఉంది, కాని ఇవి ఏ హాల్లోనైనా జరగగలిగినవి, ఈ భవనంలో వాటి గుర్తు ఒక్కటి కూడా లేదు, అన్నాడు. అబద్ధమేమీ ఆడలేదు పాపం.

అప్పుడు నేను, చెప్పకూడదనుకున్నది చెప్పేశాను. అక్కడున్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియని ఆ ఆదివారం సంగతి, ఆ కిటికీ తలుపు దించడం, క్యాబేజీ కూర, అంతా, వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను కూర్చున్నాక అక్కయ్య వాకర్ పట్టుకుని లేచింది. పేరు నమోదు చేసుకోలేదు, ఎవరూ పిలవలేదు. వరంగల్ యాస పోని తన ఇంగ్లీషులో రెండే మాటలు అడిగింది. మేము అక్కడ ఏ గుర్తూ మిగల్చలేదంటున్నారు, మిగిలిస్తే మమ్మల్ని మళ్ళీ రానిచ్చేవారా, అంది. ఆవిడ కూర్చుంది.

ఓట్లు వేశారు. ఆ పెద్దావిడా ఇంకొకాయనా మా వైపు, మిగతా అందరూ అటు. కొత్త భవనం ముందు ఒక ఫలకం పెట్టిస్తామన్నారు, ఈ స్థలంలో ఊరి అగ్నిమాపక వాలంటీర్లూ ఇతరులూ కూడేవారని. ఆ ఇతరులు మేమే. బయటికి వచ్చాక టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి కారు దాకా నడిపించింది. అక్కయ్య కారెక్కుతూ, "మంచిగ చెప్పినవ్ చెల్లె" అని మాత్రం అంది.

ఇప్పుడు మన గుడి హాల్లో ప్రతి కుర్చీ వెనకా దానమిచ్చిన వాళ్ళ పేరుంటుంది, గోడ పలకల మీద పేర్లుంటాయి, మంచినీళ్ళ కుళాయి మీద కూడా ఒక కుటుంబం పేరుంది. ఇదేం పేర్ల పిచ్చి అని మా వారూ నేనూ చాటుగా నవ్వుకున్నవాళ్ళమే. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పిల్లలు గోడలకి మేకులు కొడతారు, పెద్ద గొంతుతో మాట్లాడతారు, తిన్నచోట తిని లేచిపోతారు, ఎవరేమనుకుంటారోనన్న బెదురు వాళ్ళకి లేదు. అది మంచిదే. ఆ బెదురు వాళ్ళకి ఉండకూడదనే మేము ఇంత దూరం వచ్చి ఇన్నేళ్ళు పడ్డాం. వాళ్ళకి మా పాత హాళ్ళ గొడవ ఎందుకు పట్టాలి?

వచ్చే నెల ఎప్పుడో కూలుస్తారట. వెళ్ళి చూడాలన్న కోరిక నాకు లేదు, ఓపికా లేదు. మా నాన్నగారు పోయింది తెనాలిలోనే అయినా, నా వరకు నాకు ఆయన పోయింది ఆ వంటగదిలో. అక్కడే ఆయన కోసం ఏడ్చాను, అక్కడే ఆయన పేరు చెప్పుకుని నలుగురు అన్నం తిన్నారు. తెనాలి ఇల్లు ఎప్పుడో అమ్మేశాం. ఇక ఈ గది కూడా పోయాక ఆయన్ని ఎక్కడ తలుచుకోవాలో, ఈ వయసులో, నాకు తెలియడం లేదు.