మాణిక్యం దిబ్బ మీదుగా పడవ

కొత్తపేట బస్టాండుకి ఎదురుగా ఫ్యాన్సీ షాపు నడిపే కనకమహాలక్ష్మి ఫాంటసీ నవల రాస్తోందంటే మొదట నేను నమ్మలేదు. కారణం గాజులూ రిబ్బన్లూ కాదు. రచయిత అనగానే మనకి శాలువా, పూలదండ, మైకు ముందు గొంతు సవరించుకోవడం గుర్తొస్తాయి. ఈవిడ కౌంటరు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, ఫోనులో బొటనవేలితో ఒక దేశాన్నే కట్టేసింది. మధ్యలో ఎవరైనా వచ్చి జడక్లిప్పులు అడిగితే యుద్ధం ఆపి, క్లిప్పులు చూపించి, బేరం తెగాక మళ్ళీ యుద్ధానికి వెళ్ళేది.

ఆ దేశం పేరు ఇసుకసీమ. నది మధ్యలో లంకలు, వాటిని ఏలే ఒక రాణి. నదికి ఎప్పుడూ ఆకలే. కానీ దానికీ ఒక కట్టుబాటు ఉంది. ఏ నేలనైతే ఎవరో ఒకరు రోజూ పేరు పెట్టి పిలుస్తారో ఆ నేలని అది తినకూడదు. పేరు మరిచిపోయిన రోజునే గట్టు జారుతుంది. ఫోనులో కథలు చదువుకునే యాప్‌లో ఆవిడ వారం వారం ఒక భాగం పెట్టింది. ప్రతి భాగంలోనూ ఒక పేరు మరుపున పడేది, ఒక పొలం మునిగేది. చివరికి ఒకే ఒక్క దిబ్బ మిగిలింది, మాణిక్యం దిబ్బ. రాణి దాని మీద నిలబడింది. అక్కడ కథ ఆగిపోయింది. ఎండాకాలం పోయి, వరదలు వచ్చి, తగ్గాయి. రాణి ఇంకా నిలబడే ఉంది.

ఊరుకోలేక పాఠకులే లైబ్రరీలో ముఖాముఖి ఏర్పాటు చేశారు. దాన్ని నడిపే పని నాకు అంటగట్టారు. మొదలయ్యే ముందు ఆవిడ నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆఖర్న నేనో మాట చెప్పేస్తానండి. ఇంక రాయనని. దిబ్బని ముంచితే చదివేవాళ్ళు ఏడుస్తారు. ఉంచేస్తే అది అబద్ధమని నాకే తెలిసిపోతోంది. ముగింపు దొరకట్లేదండి. చెప్పేసుకుని షాపు చూసుకుంటాను."

సరేనన్నట్టు తల ఊపాను.

లైబ్రరీ కార్యదర్శి ప్రభాకరరావు గారు లేచి సరస్వతీ కటాక్షం గురించీ, గోదావరి తల్లి చల్లని చూపు గురించీ మాట్లాడారు. ఏటా ఎవరి కొంపో ముంచే నదికి అంత చల్లని చూపు ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. నేను ఫ్యాను వైపు చూస్తూ కూచున్నాను. తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి, ఎక్కడైనా ఏ రచయితనైనా అడిగే ప్రశ్నలే.

"ఇన్ని ఊహలు ఎక్కణ్ణించి వస్తాయండీ?"

"బేరాల్లేనప్పుడు వస్తాయండి. ఆషాఢంలో ఎక్కువ."

"సరస్వతీ కటాక్షం అనండమ్మా," అని కార్యదర్శి గారు అందించారు.

"ఆయ్. ఆవిడా ఆషాఢంలోనే ఖాళీ అనుకుంటానండి."

హాలంతా నవ్వింది. ఎవరో రాయడానికి టైము ఎలా దొరుకుతుందని అడిగారు. "దొరకదండి. టీవీ చూసే టైములోంచి లాగేసుకోవాలి. మా ఆయనకి ఏ సీరియలు ఎంతవరకూ వచ్చిందో తెలుసు, నాకు తెలీదు." రాస్తూ రాస్తూ ఆగిపోతే ఏం చెయ్యాలని ఇంకొకరు అడిగారు. ఆవిడ నా వైపు ఓసారి చూసి, మంచినీళ్ళు తాగి, "తరవాత చెప్తాను," అంది.

వెనక వరసలోంచి జ్యోతిర్మయి అనే అమ్మాయి లేచింది. రాజోలు పిల్ల, లంకలో కాపురం. తనూ రాద్దామనుకుంటోందట. "మాయాలోకం రాయాలంటే ముందే రూల్సన్నీ రాసిపెట్టుకోవాలాండీ?"

"ఒక్కటి చాలమ్మా. కాకపోతే మనకి నెప్పెట్టినా సరే, దాన్ని తప్పకూడదు."

"అయితే మా మావయ్యగారు ఒకటి అడుగుతారంటండి."

పక్కనున్న పెద్దాయన భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ లేచారు. పేరు బుచ్చిరాజు. ఆయనకి కళ్ళు సరిగా ఆనవు. కోడలు ప్రతి భాగమూ చదివి వినిపిస్తుంది.

"అమ్మా, కథ బాగా రాసేరు. మా మాణిక్యం దిబ్బ మీకెలా తెలిసిందండి?"

"మీ దిబ్బేటండీ? ఆ పేరు నేను కల్పించిందండి."

"మీరెలా కల్పిస్తారండీ, మాణిక్యం మా తాతగారయితే!"

మళ్ళీ నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఏ లంకండి మీది?" అని అడిగింది. ఆయన చెప్పారు. ఆవిడ కుర్చీ అంచుకు జరిగింది. "మా నాన్నగారిదీ అదేనండి. ఇల్లు ఏట్లో పడిపోయేక ఇక్కడికొచ్చేసేం. నేను బాగా చిన్నదాన్ని."

"ఎవరమ్మాయివి?"

"ముత్యాలరాజు గారమ్మాయినండి."

"ఓసి, నువ్వా!" పెద్దాయన గొంతులోంచి 'మీరు' అన్న మాట అక్కడితో మాయమైంది. "మీ నాన్న పడవలో నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని వచ్చేవాడు కదే. అయితే సరే. ఇప్పుడు చెప్పు. మా దిబ్బ ములిగిపోయి చాలా యేళ్ళయ్యింది. ములగకముందూ పిలిచేం, ఇప్పటికీ రోజూ దాని పేరు పిలుస్తూనే ఉన్నాం. మరి ములిగిందేం? నీ కథలో రూలు అలా లేదుగా?"

అంత పెద్ద నవలకి ఉన్న ఒకే ఒక్క గుంజ కదిలింది. నిజానికి ఆవిడ చెప్పదలచుకున్నది చెప్పేయడానికి అంతకంటే మంచి సందు దొరకదు. చెబుతుందనే అనుకున్నాను.

"ములిగిపోయాక కూడా పిలవడమేటి బాబాయ్? ఎప్పుడు పిలుస్తారు?" అంది.

"పడవ దాని మీదకొచ్చినప్పుడు. రేపొచ్చి విను."

మర్నాడు పొద్దున్న రేవులో ఇంజను పడవ ఎక్కాం. ఆవిడ, బుచ్చిరాజు గారు, జ్యోతిర్మయి, పిలవకపోయినా వెళ్ళిన నేను. పాల క్యాన్లు, అరటి గెలలు, రెండు మోటారు సైకిళ్ళు, మామూలు జనం. నీళ్ళు ఎర్రగా, వెడల్పుగా, ఒక్క గుర్తయినా లేకుండా ఉన్నాయి. నేను చూసినంతలో అక్కడ నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

కొంతదూరం వెళ్ళాక, పాల క్యాను మీద చెయ్యేసుకుని కూచున్న ఒకావిడ ఫోనులోంచి తల ఎత్తకుండానే అంది: "గోగుచేను."

ఇంకాస్త ముందుకెళ్ళాక గెలలతను: "సపోటాల తోట."

బస్సులో కండక్టరు స్టాపులు చెబుతాడే, అచ్చం అలాగే. ఆ గొంతుల్లో దిగులు లేదు, భక్తి లేదు. చెబుతున్నారు, తరవాత ధరల గురించీ పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుకుంటున్నారు, మళ్ళీ చెబుతున్నారు. ఒకరు ఆదమరిస్తే ఇంకొకరు అందుకుంటున్నారు. ఏ గట్టూ ఏ చెట్టూ లేని ఆ నీటి మీద ఎక్కడ ఏ పొలం మొదలవుతుందో పడవలో అందరికీ తెలుసు.

"మా కళ్ళం," అంది జ్యోతిర్మయి.

"మీరు చూశారా దాన్ని?" అని అడిగాను.

"లేదండి. నేను కాపరానికొచ్చేసరికే ఇదంతా నీళ్ళండి."

"మరెలా తెలుసు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఇక్కడికి రాగానే అత్తయ్యగారు అనేవారండి. ఇప్పుడు నేనంటున్నాను."

కనకమహాలక్ష్మి పడవ అంచు పట్టుకుని కూచుంది. తండ్రి ఒళ్ళో కూచుని ఏనాడో విన్న పేరునే ఇన్నాళ్ళూ తన కల్పన అనుకుంది. బుచ్చిరాజు గారు ఏమీ కనబడని నీళ్ళవైపు మొహం తిప్పారు. ఇంజను చప్పుడునో, గాలినో, దేన్ని బట్టి పోల్చుకున్నారో నాకు తెలీదు.

"మాణిక్యం దిబ్బ," అన్నారు.

"మాణిక్యం దిబ్బ," అంది ఆవిడ కూడా. పడవ దాటిపోయింది.

ఆవిడ వెనక్కి తిరిగి ఆ నీళ్ళకేసి చూసి, "బాబాయ్, కథలో దిబ్బని ముంచేస్తాను," అంది.

పెద్దాయన ఆవిడ వైపు తిరిగారు. "అందరూ పిలుస్తుండగానే?"

"ఆయ్. అందరూ పిలుస్తుండగానే. నా రూలు తప్పు. రాణి చేతే ఆ మాట అనిపిస్తాను."

"ముంచెయ్యి. కానీ మర్నాడు పడవ మాత్రం దాని మీంచే పోనియ్యి."

ఆవిడ ఫోను తీసింది. బొటనవేలు కదలడం మొదలైంది. లంక రేవులో పడవ ఆగింది, క్యాన్లు దిగాయి, మోటారు సైకిళ్ళు దిగాయి. "రేవొచ్చిందమ్మా, దిగండి," అన్నాడు పడవతను.

ఆవిడ తల ఎత్తలేదు. "నేను దిగనండి. తిరుగు పడవలో పేర్లు అటునించి ఇటు వస్తాయి కదా, అవీ వినాలి."