మెట్ల కింది గదిలో గొంతు

ఆ కాలేజీలో చిన్నాపెద్దా అందరికీ ఆమె వదినే. మైకులూ దీపాలూ చూసుకునే ఆమె భర్త, ప్రిన్సిపాలుతో సహా ఎదురుపడ్డ ప్రతివాడినీ "తమ్ముడూ" అనేవాడు. వరస కలిపింది ఆయన, మోసింది ఈమె. ఒక సభ రేపనగా వేదిక మీద దీపాలు బిగించి ఇంటికొచ్చి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. కాలేజీవాళ్ళు జాలిపడి ఆమెకు ఉద్యోగం ఇచ్చారు, మెట్ల కింద, ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసుకున్న గదిలో.

ఆ గదికి కిటికీ లేదు. తలుపు దానంతటదే మూసుకుంటుంది. లోపలివాళ్ళు బయటికి రావాలన్నా కార్డు చూపించాలి. నెత్తిమీద ఎప్పుడూ మెట్లెక్కేవాళ్ళ అడుగులు. బయట వానో ఎండో లోపలికొచ్చినవాళ్ళ గొడుగు చూసి తెలుసుకునేది. కాలేజీ పాత ఫోటోలూ, పత్రికలూ, ఉపన్యాసాల టేపులూ కంప్యూటరులోకి ఎక్కించారు. ఒక్కోదాని కింద ఎవరు, ఎప్పుడు, ఏమిటి అని రాయడం ఆమె పని. మానేస్తే ఇల్లు గడవదు, ఉంటే గోడలు మీదికొస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పై అంతస్తు చదువుల గదిలో కిటికీ పక్క కుర్చీ ఇప్పించమని లైబ్రేరియన్ సారుకు అర్జీ మీద అర్జీ పెట్టుకుంది.

అన్నాళ్ళూ ఆమెను ఆ గదిలో ఊపిరి పీల్చుకోనిచ్చిన ఆశ ఒక్కటే. ఇంట్లో భర్త ఫోటోలున్నాయి, గొంతు లేదు. ఊళ్ళోవాళ్ళందరికీ మైకు పెట్టిన మనిషి తన మాట మాత్రం ఎక్కడా దాచుకోలేదు. కానీ ప్రతి సభకూ ముందు మైకు సరిచూసింది ఆయనే కదా, అప్పటికే టేపు తిరుగుతూ ఉండేది కదా. మొదట ఆయన పేరు కొట్టింది. ఏమీ రాలేదు. "గొంతు" అని కొట్టినా అంతే. "మైకు" అని కొడితే మైకు ముందు నిలబడ్డ పెద్దమనుషులు బారులు తీరారు. చివరికి ఆయన పనిచేసిన ఏళ్ళు మాత్రం ఎంచుకుని, తేదీల వరసన పేర్చుకుని, ఒక్కో ఉపన్యాసం మొదలూ విన్నది. అన్నీ "సభకు నమస్కారం" దగ్గరే మొదలయ్యాయి. ఆమె చేరకముందు టేపులు ఎక్కించిన కంపెనీవాళ్ళు మొదళ్ళూ చివరలూ కోసేశారట. కోసింది ఏ చెత్తలోనో కలిసిపోయి ఉంటుందని గుండె రాయి చేసుకుంది.

ఇంతలో అర్జీ ఫలించింది. సోమవారం నుంచి కిటికీ కుర్చీ. వదిన తన మంచినీళ్ళ సీసా, శాలువా సర్దుకుంటున్న ఆ వారమే పరిశోధన చేసే అమ్మాయి ఒకతె ఏడుపు మొహంతో వచ్చింది. హాస్టలు నీళ్ళ కోసం వెనకటికి పిల్లలు చేసిన సమ్మె మీద రాస్తోందట. ఎంత వెతికినా ఒక్క ముక్క దొరకలేదట.

"ఏమని కొట్టావు?"

"సమ్మె అని, వదినా. పోరాటం అని కూడా."

వదిన నవ్వింది. "అది చేసినవాళ్ళ మాట తల్లీ. రాసి దాచింది ఆఫీసువాళ్ళు. వాళ్ళింట్లో దొంగలు పడ్డా 'వస్తువుల తరలింపు' అని రాసుకుంటారు. 'తరగతులకు అంతరాయం' అని కొట్టి చూడు."

కొట్టగానే కుప్పలుతెప్పలుగా వచ్చాయి. నీకేం కావాలో అది కాదు, దాచినవాడు దాన్ని ఏమనుకున్నాడో అది వెతకాలని చెప్పి ఆమె అమ్మాయిని పంపేసింది. తలుపు మూసుకుంది. వదిన మాత్రం సర్దడం ఆపి అలాగే కూర్చుండిపోయింది. తన మాటే తనకు తగిలింది. ఇన్నాళ్ళూ తాను కొట్టినవన్నీ పెళ్ళాం మాటలే. పేరు, మైకు, గొంతు. కోసినవాడికి అది గొంతెందుకవుతుంది?

"వ్యర్థ శబ్దం" అని కొట్టింది. లేదు. "అనవసర శబ్దం." లేదు. అప్పుడు చూసింది, వెతికే గడి కింద "ప్రచురించినవి మాత్రమే" అన్నచోట టిక్కు ఎప్పుడూ పెట్టే ఉంటుంది. అది తీసేసి మళ్ళీ కొట్టింది. కోసిన ముక్కలన్నీ 'అనవసర శబ్దాలు' అని పేరు పెట్టిన పెట్టెలో అక్కడే ఉన్నాయి, ఆమె కుర్చీలో కూర్చున్నంత కాలమూ ఆమె ఎదురుగానే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

మొదటి ముక్కలో కుర్చీలు లాగుతున్న చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆ తర్వాత ఆయన.

"హలో... వినబడుతోందా తమ్ముడూ? చివరి వరసా, నిన్నే. వినబడితే చెయ్యెత్తు. ఇంట్లో ఎలాగూ నా మాట వినరు, మీరైనా వినండయ్యా."

"ఎవరు వినలేదంట?" అంది వదిన పైకే. ఆ ముక్క మళ్ళీ పెట్టుకుని మళ్ళీ అదే మాట అంది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు టేపుల బీరువా తాళాలు తీసుకోవడానికి సారు వచ్చాడు. అనవసర శబ్దాల పెట్టెను పై గదికి తీసుకెళ్ళవచ్చా అని ఆమె అడిగింది. ప్రచురించని సరుకు ఈ యంత్రం దాటకూడదు, అది నిబంధన అన్నాడు సారు. ప్రచురించమంటే, మైకు సరిచూసుకున్న గోల ఎవరికి కావాలమ్మా అని నవ్వాడు.

వదిన తాళాలు మళ్ళీ కొంగున ముడేసుకుంది.

"నేనిక్కడే ఉంటాను సార్."

"అదేమిటమ్మా? కిటికీ కిటికీ అని నా ప్రాణం తోడేశారు కదా."

"పైన ఎండ ఎక్కువటండీ."

సారు అయోమయంగా కార్డు చూపించి బయటికి వెళ్ళాడు. తలుపు దానంతటదే మూసుకుంది. సర్దిన సంచీలోంచి వదిన మంచినీళ్ళ సీసా తీసి, ఎప్పుడూ ఉండేచోటే పెట్టుకుంది.