అల్మారా అంచున ఏనుగు

ఈ బరువును ఇన్నేళ్లు మోశాను. ఇక చేతకావడం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

గోదావరిఖనిలో మా క్వార్టర్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి దగ్గర. రోజూ మధ్యాహ్నం మందు పెట్టి బండలు పేల్చే బ్లాస్టింగ్ జరుగుతుంది. గోడలు అదురుతాయి, గిన్నెలు మోగుతాయి. ఆ వేళకు ఇక్కడి చిన్నపిల్లలు కూడా గ్లాసును అంచు నుంచి లోపలికి జరుపుతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా తప్పంతా ఇందులోనే ఉంది.

సమ్మయ్యన్న, నేను ఒకే గనిలో ఒకే షిఫ్టు చేశాం. ఇద్దరికీ ఒకటే పిచ్చి. బోర్డు గేమ్ డబ్బాల్లో వచ్చే బుల్లి ప్లాస్టిక్ సైనికులను తెచ్చి, వాళ్ల విదేశీ టోపీలు కోసేసి, ఎంసీల్ ముద్దతో తలపాగాలు చుట్టి, రంగులు వేసి కాకతీయుల సైన్యంగా మార్చేవాళ్లం. సైన్యం పూర్తయ్యాక బల్ల మీద కోట ముట్టడి ఆడాలని మా కోరిక. బొగ్గు దుమ్ము పడకుండా తలుపులు మూసుకుని, ఎండాకాలంలో కూడా చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. "ముసలోళ్లయినంక బొమ్మలాటనా?" అని మా ఆవిడ నవ్వేది.

కాల్బలం నాది. ఏనుగు ఆయనది. గేమ్‌లో వచ్చిన కొమ్ముల రాక్షసి బొమ్మను కోసి, తొండం అతికించి, వీపున అంబారీ కట్టి, అందులో సేనానిని కూర్చోబెట్టాడు. అప్పటికే ఆయన చెయ్యి వణకడం మొదలైంది. పూర్తయిన రోజు దాన్ని నా చేతిలో పెట్టాడు.

"గిదే నా ఆఖరుది తమ్మీ. ఇగ చెయ్యి నిలుస్తలేదు. పైలంగ దాచిపెట్టు."

సైన్యం మా ఇంట్లోనే, తలుపుల్లేని గోడ అల్మారాలో ఉండేది. వచ్చినవాళ్లంతా ఏనుగునే చూసేవారు. నేను కళ్లు పాడుచేసుకుని రంగులేసిన కాల్బలాన్ని ఒక్కరూ మెచ్చుకోలేదు. అసూయా అది? అసూయే. దానికి వేరే పేరు వెతికి వెతికి విసిగిపోయాను.

ఒకరోజు దుమ్ము తుడిచి బొమ్మలను మళ్లీ సర్దాను. కాల్బలాన్ని గోడవారకు పెట్టాను. ఏనుగును అంచున పెట్టాను. తోయలేదు. విరవలేదు. పెట్టి, వెళ్లి వాకిట్లో కూర్చున్నాను. బ్లాస్టింగ్ వేళవుతోందని తెలియదా? తెలుసు. లేచి జరపొచ్చు కదా? కూర్చునే ఉన్నాను. నేల అదిరింది. లోపల ఏదో పడ్డ చప్పుడైంది.

తొండం, అంబారీ విరిగిపోయాయి. సేనాని తల దొరకనే లేదు. సమ్మయ్యన్న వచ్చి ముక్కలను తువ్వాలలో మూటగట్టుకున్నాడు.

"బ్లాస్టింగ్‌కు పడ్డది అన్నా," అన్నాను.

"దానికి నువ్వేం జేస్తవ్ తమ్మీ, ఫికర్ జెయ్యకు," అని నన్నే ఓదార్చాడు.

ఆయన మళ్లీ బ్రష్ పట్టలేదు. మా ఆట ఆడనే లేదు. ఎవరైనా బ్లాస్టింగ్ అన్న మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. ఇప్పుడు చెబితే ఆయనకు ఒరిగేదేముంది, నా బరువు తీసి ఆయన నెత్తిన పెట్టడమే కదా అనుకుంటాను. ఆ మాట కూడా నా పిరికితనానికి వేసిన రంగేనేమో.

ఆయన ఇప్పటికీ మధ్యాహ్నం చాయ్ తాగడానికి వస్తాడు. బ్లాస్టింగ్ వేళకు, వణికే చేత్తో, నా కప్పును బల్ల అంచు నుంచి లోపలికి జరుపుతాడు. నిన్న కూడా జరిపాడు.

ఆయనకు చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. ఏనుగును అంచున పెట్టింది నేనే.