అక్షర ఎవరి కథకు ఊ కొట్టింది?

దయ్యాలు లేవు. పన్నెండేళ్లుగా పిల్లలకు దయ్యాల కథలు రాసి బతుకుతున్న నేనే చెబుతున్నాను. బాన్సువాడలో ఏ బడికి వెళ్లినా "దయ్యాల మేడం వచ్చింది" అని పిల్లలు బెంచీలెక్కి అరుస్తారు. ఆ దయ్యాలకు గోళ్లు పెట్టేది, జుట్టు విరబోసేది నేనే కదా, నాకెందుకు భయం అని నవ్వుకునేదాన్ని.

నా కథల్లో నిజం పిల్లల పేర్లే పెడతాను. తమ పేరు పెట్టమని అడగడానికి బీర్కూర్ నుంచి కూడా బస్సెక్కి వస్తారు. ఎవరి పేరు పెట్టినా సరే, కథ అయిపోయేలోపు ఆ బిడ్డ ఇల్లు చేరాల్సిందే. ఒక్కసారే ఆ మాట తప్పాను. అదీ సొంత చెల్లెలి కూతురి విషయంలో.

అక్షరకు ఎనిమిదేళ్లు. "పెద్దమ్మా, అందరి పేర్లు పెడ్తవు, నాది పెట్టవా?" అని ఒకటే సతాయింపు. సరేనని రాశాను. చెరుకుతోటలో ఒకామె కథ చెబుతుంటుంది. అక్షర ఊ కొడుతుంటుంది. ఊ కొట్టినంతసేపూ పిల్లకు అక్కడి నుంచి కదిలే వీలుండదు. చివరికి తల్లి వచ్చి చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోతుంది.

పత్రికవాళ్లు చోటు లేదు, ఎనిమిది పంక్తులు తగ్గించమన్నారు. మధ్యలో ఎక్కడైనా తీసేయొచ్చు. నేను చివర తీసేశాను. భయం బాగా పుడుతుందని, పిల్లలు నా గురించే మాట్లాడుకుంటారని. నా బుద్ధికి ఏం చెప్పను!

పత్రిక వచ్చిన నాలుగో రోజు అక్షరకు జ్వరం పట్టుకుంది. దవాఖానలో చేర్చాం. రక్త పరీక్షల్లో ఏమీ తేలలేదు. మూడు రోజులు కళ్లు తెరవలేదు, నీళ్లు మింగలేదు. ఆగి ఆగి "ఊ" అనేది. మళ్లీ కాసేపటికి "ఊ".

జ్వరంలో కథ గుర్తొచ్చి కలవరిస్తోందని డాక్టర్ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం పక్క మంచం దగ్గర కూర్చున్న, జుక్కల్ నుంచి వచ్చిన ఆవిడ నన్ను పలకరించింది. "పొద్దుగాల పిల్లకు కథ చెప్పినామె మీ చుట్టమేనా? ఏడికి పోయింది? గొంతు మంచిగుండె."

పొద్దున అక్షర దగ్గర నేనూ చెల్లెలూ ఇద్దరమే ఉన్నాం. ఎవరూ కథ చెప్పలేదు.

చెల్లెలు నా రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. దాన్ని ఆడ ఎందుకు ఇడిసిపెట్టినవే? తోల్కరాయే నా బిడ్డను!"

మంచం పక్కన కూర్చుని, తీసేసిన ముగింపు చెప్పడం మొదలుపెట్టాను. "అమ్మ వచ్చింది, చేయి పట్టుకుంది..." అక్షర నా మాటకు ఊ కొట్టలేదు. నేను వాక్యం సగంలో ఉండగా కొట్టేది. నేను ముగించాక ఊరుకునేది. ఇంకెవరి మాటో వింటున్నట్టే ఉంది. నేను గొంతు పెంచాను. నర్సు వచ్చి కోప్పడింది. అయినా ఆపలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను, మళ్లీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఎన్ని దయ్యాలను పుట్టించానో, ఒక్కదాన్ని వెళ్లగొట్టడం చేతకాలేదు.

నా గొంతు పోయాక చెల్లెలు కూతురి చేయి పట్టుకుంది. "లే బిడ్డా, ఇంటికి పోదాం" అంది, అంతే.

ఊ కొట్టడం ఆగిపోయింది. ప్రాణం పోయిందేమోనని నేను అక్షర ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. శ్వాస ఆడుతోంది. కాసేపటికి కళ్లు తెరిచి నీళ్లడిగింది.

సాయంత్రానికి జ్వరం దిగింది. మందు పనిచేసిందన్నారు డాక్టర్. పనిచేసే ఉంటుంది. జుక్కల్ ఆవిడ ఎవరి గొంతు విన్నదో మాత్రం ఇప్పటికీ నాకు అంతుపట్టదు. మళ్లీ అడిగితే "నీ గొంతు గాదు" అన్నది, అంతకుమించి చెప్పలేకపోయింది.

అప్పటి నుంచి నేను ఒక్క కథ కూడా రాయలేదు. చెల్లెలు నాతో మామూలుగానే ఉంటుంది గానీ, పిల్లను నా దగ్గర ఒంటరిగా వదలదు. నాకు కోపం లేదు.

డిశ్చార్జ్ రోజు ఆటోలో అక్షర నా ఒళ్లో తలపెట్టుకుని అడిగింది.

"పెద్దమ్మా, అమ్మ నన్ను గుంజుకొస్తుంటే కథ చెప్పినామె బాగ ఏడ్చింది. నేను గూడ ఇంటికి పోత అన్నది. గామె ఇల్లు ఏడున్నది?"

ఆమెను రాసింది నేనే. ఇల్లు మాత్రం రాయలేదు.