చేతులు మారిన చీటీ వంతు

బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన జమైకావారిలో, కుట్టుపని చేసే ఐసిల్డా మాట తూచి చెప్పే మనిషిగా పేరుపొందినది. అటువంటి ఆమెకు, తమ్ముడు ఎగ్బర్ట్ మరణించిన పిదప, తాను నివసిస్తున్న ఇంట్లో తనకు వాటా ఉన్నదో లేదో చెప్పలేని స్థితి ఏర్పడినది.

ఆ ఇల్లు కొన్ననాడు తమవారికి బ్యాంకు అప్పు పుట్టక, అందరూ చీటీలనే నమ్ముకున్నారు. ఐసిల్డా తనకు ముందుగా వచ్చిన వంతును తమ్మునికిచ్చి, అతని వంతును తరువాత తాను తీసుకున్నది. ఆ ముందు వంతు సొమ్ముతో కొన్న ఇల్లు ఎగ్బర్ట్ పేర రిజిస్టరైనది. ఇప్పుడు అతని భార్య వెరోనా ఇల్లు అమ్మదలచినది.

"ఇల్లు కొన్నరోజున పెట్టిన సొమ్ము మీదేనా?" అని ఐసిల్డా తరఫు లాయరు అడిగాడు.

"నాదే."

"అయితే పత్రం ఆయన పేరున ఉన్నా, మీ వాటా ఆయన దగ్గర మీకోసం ఉన్నట్టే. బహుమతిగా ఇవ్వలేదు కదా?"

"లేదు బాబూ."

"అప్పుగా?"

"కాదు. వంతులు మార్చుకున్నాం."

లాయరు కలం ఆగినది. "అంటే, ఆ సొమ్ము ఆయన తిరిగి ఇచ్చేశారా?"

"ఇచ్చాడు. దాన్ని ఆ ఇంటి పైకప్పుకే పెట్టాను."

"ఆ వంతుల మాట వాంగ్మూలంలో వద్దమ్మా, తీరిపోయిన అప్పంటారు. కొన్నాక పెట్టిన ఖర్చు వాటాగా నిలవడం కష్టం."

ఆనాడు చీటీ నడిపిన మిస్ ఆడ్లిన్ వంటగదికి ఐసిల్డా వెళ్లి, విషయమంతా విన్నవించినది.

"అప్పో బహుమతో నాకేం తెలుసే? నీ వంతులో వాణ్ని పెట్టాను, వాడి వంతులో నిన్ను పెట్టాను. చీటీ లెక్క తీరింది. పైకప్పు ఎవరిదని వేయించావు?"

"మాదని."

"మాదంటే ఎవరిదే, పిచ్చిదానా?"

మరునాడు ఐసిల్డా వంతుల సంగతిని కూడా చేర్పించి, వాంగ్మూలంపై సంతకం చేసినది. లాయరు తల పట్టుకున్నాడు.

ఆ వాంగ్మూలం ప్రతి తనకు అందిన సాయంత్రమే వెరోనా మెట్లెక్కి ఐసిల్డా గదికి వచ్చినది.

"వదినా, ఈ వంతుల గొడవ మా లాయరుకు తట్టనేలేదు. నీకే నష్టమట! ఎందుకు రాయించావు?"

"జరిగింది కనుక."

"అయితే ఇల్లు ఎవరిది?"

"నిన్నే అడుగుదామనుకున్నాను. వాడు నీతో ఏమనేవాడు?"

వెరోనా గోడ రంగు వైపు చూసినది. "నీ గది రంగు మార్చాలన్నా, 'అక్కనడుగు' అనేవాడు. ఇల్లు నీదనా? గది నీదనా? మర్యాదకా?"

ఐసిల్డా ఆమె కూర్చోవడానికి కుర్చీ జరిపినది.

"రేపు ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటును రావద్దంటాను," అన్నది వెరోనా విసుగ్గా. "ఏం అమ్ముతున్నానో నాకే తెలియనప్పుడు, కొనేవాడికేం చెప్పను?"