తాత వలలో పదకొండో మెట్టు

కాలిన నైలాను దారం వాసన ఎవరికీ నచ్చదు. నాకూ నచ్చదు, అయినా అది ఎక్కడ తగిలినా అక్కడే ఆగిపోతాను. మొన్న మా బడిలో ఒక పిల్ల సంచి పట్టీ చివర పీచులు లేచిపోతే, మధ్యాహ్న భోజనం వండే రత్నమ్మగారు పొయ్యిలోంచి నిప్పుపుల్ల తీసి ఆ చివర అంటించి గట్టిపరిచారు. నేను అప్పుడు అయిదో తరగతిలో నల్లబల్ల మీద అయిదు, ఎనిమిది, పదకొండు, పద్నాలుగు అని రాసి, పక్కన ఒక ఖాళీ డబ్బా గీసి, ఇందులో ఏ సంఖ్య వస్తుందో చెప్పమని పిల్లల్ని అడుగుతున్నాను. వాసన కిటికీలోంచి వచ్చింది. సుద్దముక్క చేతిలోనే ఉంది గానీ, నేను మాత్రం కొవ్వూరుకి ఎగువన గోదావరి గట్టు కింద, మా ఇంటి వసారాలో, తాత పక్కన చాప మీద కూర్చుని ఉన్నాను.

మా తాత విసురువలలు అల్లేవాడు. వల నెత్తిని వసారా దూలానికి కట్టి, చెక్కసూదికి దారం చుట్టుకుని, కన్ను తర్వాత కన్ను ముడేసుకుంటూ కిందికి దిగేవాడు. ముడి జారకుండా దారం చివరని చుట్టనిప్పుతో అంటించేవాడు కాబట్టి మా ఇంట్లో అన్నానికీ, మంచినీళ్ళకీ, చివరికి నా జడకి కూడా అదే వాసన ఉండేది. శ్రావణంలో ఎర్రనీరు గట్టు దాకా ఎక్కి పడవలన్నీ కట్టేసినప్పుడు ఆయనకి చేతి నిండా పని. పేటలో మగవాళ్ళందరూ మా అరుగు మీదే చేరి చుట్టలు కాలుస్తూ వరద గురించి తగువులాడుకునేవాళ్ళు. అట్లతద్ది నాడు తెల్లారకుండా లేచి గోంగూర పచ్చడితో చద్దన్నం తిని, ఊయలలూగి, తొక్కుడుబిళ్ళ ఆడి, ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి మళ్ళీ తాత పక్కనే కూలబడేదాన్ని. చలికాలంలో మామ్మ తంపటి వేసిన తేగలు చీల్చి, లోపలి తియ్యటి చందమామ మొవ్వుని ఆయన నోట్లో పెట్టేదాన్ని, ఆయన రెండు చేతులూ వలలోనే ఉండేవి గనక.

అల్లుతున్నంతసేపూ ఆయన పైకే లెక్కపెట్టేవాడు. విసురువల పైన సన్నంగా ఉండి కిందికి దిగేకొద్దీ వెడల్పు కావాలి, అందుకని మెట్టు మెట్టుకీ, అంటే వరస వరసకీ, కన్నులు కలపాలి. మా ఇంటి లెక్కలో మొదటి మెట్టుకి అరవై కన్నులు, ఆ తర్వాత ప్రతి మెట్టుకీ పన్నెండేసి కలుపుడు. ఒకరోజు పదో మెట్టుకి ఎన్ని కన్నులు తాతా అని అడిగితే, ఆయన తల ఎత్తకుండానే నూట అరవై ఎనిమిది అన్నాడు. వేళ్ళు మడిచి, నేల మీద బొగ్గుతో గీతలు గీసి నేను చేస్తే నూట ఎనభై వచ్చింది. తాత నవ్వాడు.

"పది పన్నెండ్లు కలిపేవేంటమ్మడూ? మొదటి మెట్టుకి కలుపుడు లేదు కదా. తొమ్మిదే కలుపు."

తర్వాత చాలా పుస్తకాలు చదివాను, చాలా శిక్షణలకి వెళ్ళాను. బీజగణితం ఇంతకంటే సులువుగా నాకెవరూ చెప్పలేదు. ఆయనకి అక్షరం ముక్క రాదు.

పదో మెట్టు దాటాక లెక్క మారుతుంది. వలకి పొట్ట వచ్చేదీ, విసిరితే నీళ్ళ మీద గుండ్రంగా విచ్చుకునేదీ ఆ కిందిలెక్క వల్లనే. దాన్ని మాత్రం ఆయన పెదాలు కదపకుండా లోపలే లెక్కపెట్టుకునేవాడు. "పెద్దదానివయ్యాక చెబుతాలే" అనేవాడు. వలలు అల్లే ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉండేది, అది గడప దాటకూడదు. వల చూసి కన్నులు లెక్కపెట్టుకోవచ్చు కదా అని మీరనొచ్చు. ఇంకొకళ్ళ వలలో వేలు పెట్టి లెక్కపెట్టడం మా పేటలో, అన్నం తినేవాళ్ళ కంచంలోకి తొంగిచూడడంతో సమానం. ఎంత పగ ఉన్నవాడైనా ఆ పని చేసేవాడు కాదు.

అయిదో తరగతిలో మాకు ఒక మాస్టారు వచ్చారు. ఏ లెక్కకైనా ముందు ఖాళీ డబ్బా గీసేవారు కాబట్టి మేము డబ్బా మాస్టారనేవాళ్ళం. బెత్తం పట్టేవారు కాదు. మా పేట పిల్లల్ని వెనక కూర్చోబెట్టేవారు కాదు. ఆ ఒక్కదానికే ఆయనంటే నాకు ప్రాణం. ఒకనాడు ఇదే వరస, అయిదు, ఎనిమిది, పదకొండు, పద్నాలుగు రాసి, ఇరవయ్యో సంఖ్య ఎంత అని అడిగారు. తరగతంతా అరవై అయిదు అంది. నేను లేచి అరవై రెండండి అన్నాను. మొదటిదానికి కలుపుడు లేదండి, పంతొమ్మిదిసార్లే కలపాలండి అన్నాను. మాస్టారు సుద్ద కింద పెట్టేశారు.

సాయంత్రం బడి వదిలాక నన్ను ఆపి, ఇది ఎవరు నేర్పారమ్మా అని అడిగారు. మా తాత వల లెక్కండి, బయటివాళ్ళకి చెప్పకూడదండి అన్నాను.

"నేను బయటివాణ్ణా అమ్మా?" అన్నారు ఆయన.

ఆ మాటకి కరిగిపోయాను. నాకు తెలిసిన పది మెట్లూ చెప్పేశాను. పట్నంలో లెక్కల ప్రదర్శన పెడుతున్నారు, మన బడి తరఫున నువ్వే చెప్పాలి, తాతగారిని అడిగి వల ఒకటి తీసుకురా అన్నారు. బడిలో చూపించడానికని చెబితే తాత కొత్త వలే ఇచ్చాడు. లెక్క చెప్పేసిన సంగతి ఆయనకి చెప్పలేదు. మామ్మ నాకు కొత్త రిబ్బను కొంది. నేను చెప్పవలసింది గోదారి వైపు తిరిగి వారం రోజులు గట్టిగా వల్లించుకున్నాను.

ప్రదర్శన నాడు గోడకి పెద్ద అట్ట వేలాడుతోంది. దాని మీద వల బొమ్మ, మెట్టు మెట్టుకీ సంఖ్యలు, అడుగున మాస్టారి పేరు. పక్కన ఇస్త్రీ గౌనులో మాస్టారి అన్నగారి కూతురు సుజాత కర్ర పట్టుకుని నిలబడింది. "నీకు మాట తడబడుతుందమ్మా, నువ్వు వల పట్టుకో" అన్నారు మాస్టారు. నాకు మాట ఎప్పుడూ తడబడలేదు. వల అంచు పట్టుకుని నిలబడ్డాను.

తాత వస్తాడనుకోలేదు. తెల్లటి పంచె కట్టుకుని, చెప్పులు గుమ్మం బయటే విడిచి, జనం వెనక నిలబడ్డాడు. సుజాత గుక్కతిప్పుకోకుండా చెబుతోంది: మొదటి మెట్టుకి అరవై, ప్రతి మెట్టుకీ పన్నెండు. తాత మొహంలో నవ్వు అలాగే ఉండి, కాసేపటికి దేనికోసం నవ్వుతున్నాడో తెలియనట్టయింది. వచ్చిన అధికారి, ఈ ఆలోచన ఎవరిదండి అని అడిగారు. చిన్నప్పట్నుంచీ నా పరిశీలనండి అన్నారు మాస్టారు. నా వైపు చూడలేదు. తాత వైపు అసలే చూడలేదు.

జనం పలచబడ్డాక తాత వచ్చి నా చేతిలోంచి వల తీసుకుని, మడిచి భుజాన వేసుకున్నాడు. "వెళ్ళొస్తామండి మాస్టారండి" అన్నాడు, అంత మర్యాదగానూ. గట్టు దిగేటప్పుడు, "నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి కదమ్మడూ, ఆయనకి" అన్నాడు.

మర్నాడు మామూలుగా పక్కన కూర్చున్నాను. కూర్చోవద్దనలేదు. కానీ మొదటి మెట్టు నుంచే పెదాలు కదపకుండా అల్లడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన నోట లెక్క వినలేదు. మాస్టారు నన్ను మోసం చేశారని నాకిప్పటికీ కోపమే, అందులో దాపరికం లేదు. ఆ మోసానికి తలుపు తీసింది నేనన్నది మాత్రం కోపంతో పోయేది కాదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో రాజమండ్రిలో శిక్షణ తరగతులకి వెళితే, పాఠం చెప్పడానికి వచ్చింది డబ్బా మాస్టారే. తెర మీద మా వల. పదకొండో మెట్టు డబ్బాలో నూట ఎనభై అని రాసి, ఇలాగే ఎంతవరకైనా కొనసాగించుకోవచ్చు అన్నారు. ఆ లెక్కతో అల్లిన వల నీళ్ళ మీద ముద్దగా పడుతుందని ఆ హాలులో నాకొక్కదానికే తెలుసు. భోజనాల దగ్గర నా భుజం తట్టి, నా శిష్యురాలండి అని అందరికీ చూపించారు. అన్నం కలుపుకుంటూ ఉండిపోయాను.

ఇప్పుడు మా పేటలో వల అల్లేవాళ్ళు లేరు. కొట్లో మిషను వలలు దొరుకుతున్నాయి. తాత ఆఖరి వలని మామ్మ కోళ్ళు దూరకుండా పొట్లపాదు చుట్టూ కట్టింది, ఎండకి అది పిండైపోయింది. అది పాడవకముందు ఎన్నోసార్లు దాని ముందు నిలబడ్డాను. కూర్చుని లెక్కపెడితే ఒక పూట పని. ఆయన చెప్పననుకున్నదాన్ని రెండోసారి దొంగతనంగా తీసుకోవడానికి చేతులు రాలేదు.

మొన్న ఆ వాసన పోయేదాకా ఆగి, బల్ల తుడిచి, అరవై, డెబ్బై రెండు, ఎనభై నాలుగు, అలా నూట అరవై ఎనిమిది దాకా రాశాను. ఎలాగూ గడప దాటిపోయిన లెక్కే. చివర డబ్బా గీశాను.

"నూట ఎనభై టీచర్" అన్నారు పిల్లలు, అందరూ ఒకేసారి.

"కాదు" అన్నాను.

"మరెంత టీచర్?"

"నాకు తెలీదమ్మా" అని, ఆ డబ్బా చెరపకుండా అలాగే వదిలేశాను.